ఓటీపీలు చేతికిచ్చే కాక

చనిపోయి ఏడాది కావస్తున్న మా కాక మొన్న సోమవారం పొద్దున స్టేటస్ పెట్టాడు.

పాఠాలు చెప్పడానికి బడికి పోయే ముందు చాయ్ తాగుతూ ఫోన్ చూస్తున్నాను. చూడాలని కాదు, చేతికి అలవాటు. పేర్ల వరుసలో అన్నిటికంటే పైన ‘పోస్ట్ కాక’ అని ఉంది, చుట్టూ పచ్చ గీత. నొక్కాను. ఎర్ర మోటార్ సైకిల్ మీద ఒరిగి, నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, జుట్టుకు గోధుమరంగు వేయించుకున్న పాతికేళ్ల అబ్బాయి కనిపించాడు. కింద మండుతున్న గుండె బొమ్మలు రెండు. నాకు చాయ్ పొలమారింది. కాసేపటికి గానీ విషయం అర్థం కాలేదు. కాక నంబర్ మూతబడింది, కంపెనీ వాళ్లు దాన్ని ఇంకొకరికి ఇచ్చేశారు. మనిషి పోయిన సంగతి నా ఫోన్‌కు తెలియదు. నంబర్ ఉంటే మనిషి ఉన్నట్టే దాని లెక్క.

ఆ అబ్బాయి మీద నాకేం కోపం లేదు. కోపమంతా నా మీదే. ఎందుకో చెప్పాలంటే ముందు కాక గురించి చెప్పాలి.

కాక అంటే బాబాయి, కానీ నాకు చుట్టం కాదు. మెదక్ ఖిల్లా కింద మా గల్లీలో చిన్నాపెద్దా అందరికీ ఆయన కాకే. ముప్పై ఏళ్ల పైన పోస్ట్‌మన్‌గా తిరిగాడు. రిటైరైన తర్వాత కూడా ఖాకీ అంగీ వదల్లేదు. పాతవి చినిగిపోతే కొత్తవి కుట్టించుకునేవాడు. ఎందుకు కాకా ఇంకా ఈ ఖాకీ అని అడిగితే, “తెల్లంగీ ఏస్తే జేబుల ఏం పెట్టినా కనవడ్తది బిడ్డా. మంది ఉత్తరాలు కనవడొద్దు” అనేవాడు. అప్పటికి ఆ జేబులో ఉత్తరాలు లేవు. ఫోన్ ఉండేది.

అది ఆయన కొడుకు వాడి వదిలేసిన ఫోన్. అద్దం ఒక మూల పగిలింది. దాన్ని ప్లాస్టిక్ కవర్‌లో పెట్టి, కవర్ మడిచి, పైన రెండు రబ్బరు బ్యాండ్లు వేసేవాడు. ఎవరైనా ఫోన్ చేస్తే ముందు లేచి నిలబడేవాడు. కూర్చుని ఫోన్ మాట్లాడటం ఆయన దృష్టిలో పొగరు. నిలబడి, గొంతు సవరించుకుని, బ్యాండ్లు రెండూ తీసి మణికట్టుకు వేసుకుని, కవర్ విప్పేసరికి అవతలివాళ్లు విసుగొచ్చి పెట్టేసేవారు. అప్పుడు తనే తిరిగి చేసి “ఇప్పుడే చేసిండ్రు, ఏంది సంగతి?” అని అడిగేవాడు. అప్పులిస్తామని ఫోన్ చేసేవాళ్లకు కూడా అంతే. వాళ్లకు తిరిగి ఫోన్ చేసిన మనిషి ఈ దేశంలో ఆయనొక్కడే అయి ఉంటాడు.

ఒకరోజు నేను బడి నుంచి వస్తుంటే మా గేటు దగ్గర నిలబడి, ఫోన్ చెవికి ఆనించుకుని “ఊఁ... ఊఁ... అట్లనా” అంటున్నాడు. ఎవరు కాకా అంటే ఆగమని చెయ్యి చూపించాడు. నేను స్కూటీ ఆపి, కూరగాయలు దించి, గేటు తీసేదాకా అదే ఊఁ కొట్టడం.

“ఎవలో ఆడపిల్ల. పాట పెట్టుకోమంటది. వద్దంటే మల్ల మొదటి కాడికెంచి చెప్తది పాపం” అన్నాడు చివరికి.

“అది రికార్డు చేసిన గొంతు కాకా. పెట్టెయ్యాలె.”

“రికార్డైతే ఏంది, మాట్లాడింది మనిషే గదా. నడుమల పెట్టేస్తే ఏం మర్యాద?”

అదే రోజు నేను అలాంటివి ఎనిమిదో తొమ్మిదో కట్ చేసి ఉంటాను. కాక ముందు నిలబడితే ఒక్కోసారి తప్పు చేసి దొరికినదానిలా అనిపించేది. ఒక్కోసారి విసుగొచ్చేది. మర్యాద చేసేంత తీరిక ఆయనకుంది, నాకు లేదు అనుకునేదాన్ని.

ఇక అసలు సంగతి. ఆధార్ కొత్తగా వచ్చిన రోజుల్లో మా గల్లీలో క్యాంపు పెట్టారు. కంప్యూటర్ ముందు కూర్చున్నతను ఒక్కొక్కరినీ మొబైల్ నంబర్ అడుగుతున్నాడు. మా గల్లీలో ఆడవాళ్లు సగానికి పైగా బీడీలు చేసి బతుకుతారు. అప్పట్లో వాళ్ల దగ్గర ఫోన్లెక్కడివి? వరుసలో ముందున్నామె దిక్కులు చూసింది. చెట్టుకు సైకిల్ ఆనించి నిలబడ్డ కాక కనిపించాడు. “మా కాక నంబర్ రాస్కోండ్రి” అంది. ఆమె వెనకామె కూడా అదే అంది. ఆమె వెనకామె కూడా. సాయంత్రానికి నలభై మంది దాకా ఆడవాళ్ల ఆధార్లకు కాక నంబర్ ఎక్కింది. తర్వాత గ్యాస్‌కూ పింఛనుకూ బ్యాంకుకూ అదే నంబర్ పాకింది. గ్యాస్ బుక్ చేసేదీ ఆయన ఫోన్ నుంచే.

వాళ్లకది వింతగా అనిపించలేదు. వాళ్ల ఉత్తరాలూ మనియార్డర్లూ ముందు నుంచీ ఆయన చేతి మీదుగానే వచ్చేవి. ఇది కూడా అలాంటిదే అనుకున్నారు. నిజం చెప్పాలంటే కాక కూడా అలాగే అనుకున్నాడు. మొత్తం తిప్పలు అక్కడే వచ్చాయి.

ఫోన్ టింగుమనగానే అద్దాలు పెట్టుకుని మెసేజ్ చదివేవాడు. అందులో పేరుండదు, ఆధార్‌దో ఖాతాదో నంబర్‌లో ఆఖరు నాలుగంకెలే ఉంటాయి. ఆ అంకెలు చూసి ఎవరివో చెప్పేవాడు. నలభై మందివీ ఆయనకు నోటికి వచ్చు. చూసిన వెంటనే క్యాలెండర్ వెనక నుంచి కోసి పెట్టుకున్న కాగితం ముక్క మీద పేరు, పేరు కింద ఓటీపీ, దాని కింద ‘వచ్చిన టైం’ రాసి, నాలుగు మడతలు పెట్టి, సైకిల్ తీసేవాడు. పది నిమిషాల్లో చెల్లకుండా పోతుందని ఆ మెసేజ్‌లోనే రాసి ఉంటుంది. ఆయన సైకిల్‌కు ఆ సంగతి పట్టదు. దారిలో ఎవరైనా పలకరిస్తే దిగి నిలబడి మాట్లాడేవాడు కూడా.

ఫోన్ చేసి చెప్పొచ్చుగా అని గల్లీ మొత్తం మొత్తుకుంది. ఆయన వినలేదు. “ఎవరితోనూ పంచుకోవద్దు అని దాంట్లనే రాసున్నది గదా. పంచుకోవద్దంటే ఏంది? ఎవలదో వాళ్ల చేతికే ఇయ్యాలె. అంతే” అనేవాడు. సర్వీసులో ఉన్నప్పుడు రిజిస్టర్ ఉత్తరం మనిషి చేతికి తప్ప పక్కింటివాళ్లకు ఇచ్చి ఎరగడట. ఇదీ రిజిస్టర్ ఉత్తరమే ఆయనకు.

నర్సవ్వ గ్యాస్ వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. నర్సవ్వది మా ఇంటికి నాలుగిళ్ల అవతల చిన్న రేకుల ఇల్లు. ఒక్కతే ఉంటుంది. బీడీలు చేస్తుంది. డెబ్బై దాటి ఉంటాయి, చెవులు సరిగ్గా వినబడవు. సిలిండర్ తెచ్చినతను దాన్ని గడప ముందు దించి, “అవ్వా, నంబర్ చెప్పు, నంబర్ చెప్తేనే ఇస్త” అంటున్నాడు. నర్సవ్వ ఇంటి నంబర్ చెప్పింది. అతను తల పట్టుకున్నాడు. నేను నా ఫోన్ తీసి కాకకు చేశాను.

“కాకా, నర్సవ్వ గ్యాస్ నంబర్ వచ్చిందంట, చెప్పు.”

“వచ్చింది. నీకు జెప్ప. నర్సవ్వకియ్యి.”

ఇచ్చాను. ఆమె గట్టిగా “ఆఁ” అంది.

“నర్సవ్వవేనా?” అవతల నుంచి కాక కేక నాకు కూడా వినబడింది.

“నేనే గదా కాకా, ఇంకెవలు?”

“మీ ఆయన పేరేంది?”

నలభై ఏళ్లుగా రోజూ వింటున్న గొంతు అది. అయినా అడిగాడు. నర్సవ్వ మొగుడి పేరు చెప్పడానికి సిగ్గుపడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిలిండర్ అతను గోడకు ఆనుకుని చతికిలబడ్డాడు. చివరికి ఎలాగో చెప్పింది. అప్పుడైనా చెబుతాడా అంటే, “సరే, నువ్వే. ఫోన్ల చెప్పుడు మంచిగుండది. తెస్తున్న ఉండు” అని పెట్టేశాడు.

చర్చి దిక్కు నుంచి సైకిల్ తొక్కుకుంటూ వచ్చేసరికి ఆ ఓటీపీ కాలం తీరిపోయింది. సిలిండర్ అతను దండం పెట్టి ఇంకో ఓటీపీ పంపించాడు. ఈసారి కాక గడపలోనే ఉన్నాడు. రబ్బరు బ్యాండ్లు తీశాడు, అద్దాలు పెట్టుకున్నాడు, మా ఇద్దరినీ జర అటు తిరగమన్నాడు, నర్సవ్వను లోపలికి తీసుకుపోయి చెవిలో మెల్లగా చెప్పాడు. నర్సవ్వకు మెల్లగా చెబితే వినబడదు. “ఏందీ? ఎనిమిదా? ఎనిమిది, రెండు, ఆరు, ఆరా?” అని గల్లీ చివరి దాకా వినబడేలా అరిచింది. సిలిండర్ అతను ఆ నాలుగూ టకటకా నొక్కుకుని లేచాడు. కాక బయటకొచ్చి చేతులు దులుపుకున్నాడు. ఆయన మొహంలో తృప్తి చూడాలి. తను మాత్రం ఆమెకే చెప్పాడు. ఆమె ఎవరికి చెప్పుకుంటే ఏం, అది ఆమె ఇష్టం.

ఒకసారి ఎవడో బ్యాంకు నుంచి అని చెప్పి ఓటీపీ అడిగాడు. మా ఊళ్లో చదువుకున్నవాళ్లే అలాంటి ఫోన్లకు డబ్బులు పోగొట్టుకుని పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగారు. కాక మాత్రం నిలబడి, ఎంతో గౌరవంగా, “బ్యాంకుదైతే బ్యాంకుకే తెచ్చిస్త. ఏ బ్యాంకు? బస్టాండ్ కాడిదా? నీ పేరేంది బిడ్డా? ఏ కిటికీ కాడ కూసుంటవు?” అని అడిగాడు. వాడు విసిగి, తిట్టి పెట్టేశాడు. కాక అద్దాలు తుడుచుకుంటూ, “అడ్రస్ చెప్పకుంట ఎట్ల ఇయ్యాలె?” అని మధ్యాహ్నం దాకా బాధపడ్డాడు.

నా ఫోన్ బతుకు వేరు. పొద్దున బడి గేటు దాటగానే దానికి మొహం చూపించాలి. కళ్లు ఆర్పమంటుంది, ఆర్పుతాను. వెలుతురు చాలదంటుంది, ఎండలో నిలబడతాను. మొహం సరిపోలేదు, మళ్లీ ప్రయత్నించండి అంటుంది. యాభై రెండేళ్లుగా మోస్తున్న మొహం, ఇంకేం ప్రయత్నించను? తర్వాత పిల్లల హాజరు ఒకదాంట్లో, అన్నం తిన్నవాళ్లు ఇంకోదాంట్లో, గుడ్డు తిన్నవాళ్లు మరోదాంట్లో ఎక్కించాలి. ఈ మధ్యలో ఎక్కడో పాఠం చెబుతాను. అది దేంట్లోనూ ఎక్కదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఫోన్‌లోనూ నాలోనూ సమానంగా నాలుగు శాతం మిగిలి ఉండేది. అప్పుడు కూర్చుని ఆ రోజు వచ్చిన రెండు వందల మెసేజ్‌లను చదవకుండా బొటనవేలితో పక్కకు తోసేసేదాన్ని.

కాక అది చూశాడు ఒకసారి. 

“చూడకుంటనే పారేస్తున్నవేంది?”

“ఎవరు చదువుతరు కాకా ఇన్ని? చెప్పుల దుకాణంది, చీరల దుకాణంది, అన్నీ గివే.”

“నేను దినాం సంచెడు ఉత్తరాలు ఏరిన బిడ్డా. ఎన్నొచ్చినా ఒక్కదాని మీద కూడ అడ్రస్ చూడకుంట పక్కకు వెయ్యలే. చూడకుంటే ఏది పనికొచ్చేదో ఎట్ల తెలుస్తది?”

నాకు చిరాకేసింది. నీ కాలం వేరు, నా కాలం వేరు అన్నాను. అట్లనే అని తలూపి సైకిల్ ఎక్కాడు. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

రెండేళ్ల కింద ఆయనకు కిడ్నీలు పాడయ్యాయని తేలింది. హైదరాబాద్ దవాఖానాకు తీసుకుపోయి తెచ్చారు. తిరిగొచ్చిన మూడో రోజే మా ఇంటికి వచ్చాడు. మొహం ఉబ్బింది, కాళ్లు ఉబ్బాయి, ఖాకీ అంగీ గుండీలు పట్టడం లేదు.

“నాకు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చినట్టే టీచరమ్మా. ఛార్జి అప్పజెప్పకుంట పోవద్దు” అన్నాడు.

ఛార్జి అంటే ఆ నలభై మంది. తన నంబర్ తనతోనే పోతుందని, పోతే వీళ్ల గ్యాసూ పింఛనూ ఆగమవుతాయని ఆయనకు అర్థమైంది. మా గల్లీలో అంత ముందుచూపు ఇంకెవరికీ రాలేదు, నాతో సహా. అప్పటికి చాలామంది కోడళ్ల దగ్గరా కొడుకుల దగ్గరా ఫోన్లున్నాయి. ఒక్కొక్క ఆడమనిషినీ ఆటోలో ఎక్కించుకుని ఆధార్ సెంటర్‌కు తీసుకుపోయి, వాళ్లింట్లో ఎవరి నంబరో ఎక్కించి, తన నంబర్ తీయించేవాడు. వారానికి ఇద్దరు, ముగ్గురు. దవాఖానాలో సూది పొడిపించుకుని వచ్చిన రోజు మాత్రం పడుకునేవాడు.

నర్సవ్వ దగ్గర బండి ఆగింది. నంబర్ మార్చాలంటే వేలిముద్ర పడాలి. యాభై ఏళ్లు బీడీలు చుట్టిన వేళ్లు అవి. ముద్రలన్నీ అరిగిపోయి నున్నగా అయ్యాయి. మిషన్ మీద పెడితే ఏమీ పెట్టనట్టే ఉంటుంది దానికి. నాలుగు సార్లు తీసుకుపోయాడు. ఎవరో చెప్పారని నిమ్మకాయతో రుద్దించాడు, ఇంకెవరో చెప్పారని కొబ్బరినూనె రాయించాడు, తన అంగీ కొసతో ఒక్కో వేలూ తుడిచి తనే మిషన్ మీద అదిమి పెట్టాడు. పడలేదు. వేళ్లు పడకపోతే కన్ను చూసి చేస్తారు, కానీ ఇక్కడ కంటి మిషన్ లేదు, తూప్రాన్‌కు పోండి అన్నారు సెంటర్‌లో. బస్సులో పోయి రావడానికి ఒక రోజు పని. అప్పటికి కాకకు గల్లీ చివరి దాకా నడిచే శక్తి లేదు.

పోయిన వానాకాలం మొదట్లో నన్ను పిలిపించాడు. మంచం మీద గోడకు ఒరిగి కూర్చున్నాడు. గీతల కాగితం ఒకటి నా చేతికిచ్చాడు. దాని మీద వరుసగా నలభై దాకా పేర్లు, ఒక్కటి తప్ప ప్రతి పేరు పక్కన టిక్కు. అన్నిటికంటే కింద ‘మిగిలినవి: 1. నర్సవ్వ’ అని ఉంది. దాని కింద ‘పైన తెలిపినది స్వాధీనపరచుకున్నాను’ అని రాసి, గీత గీసి, గీత కింద నా పేరు రాసి పెట్టాడు.

“ఇదేంది కాకా? నేనేమన్న పోస్ట్‌మన్‌నా?”

“ఒక్కతే మిగిలింది బిడ్డా. జర తూప్రాన్ తోలుకపో. నీ నంబరే ఎక్కియ్యి, ఆమెకెవలున్నరు? నేను నర్సవ్వకు జెప్పిన, టీచరమ్మ వచ్చి తోలుకపోతదని. అప్పటిదాంక నా ఫోన్ బతికుండాలె, రీఛార్జి చూసుకో.”

“తీసుకపోత కాకా. దీనికి సంతకమెందుకు?”

“సంతకం లేకుంటే నాకు నిద్ర పట్టది.”

పెట్టాను. నవ్వుతూనే పెట్టాను. ఆయన కాగితం దగ్గరికి తెచ్చుకుని చూసి, “తారీకు?” అన్నాడు. తారీకు వేశాను. అప్పుడు కాగితం దిండు కింద పెట్టుకుని కళ్లు మూసుకున్నాడు. “ఇగ నా మీద ఏం లేదు” అన్నాడు. ఎంత హాయిగా అన్నాడో. అంత హాయిగా ఒక మనిషి నిట్టూర్చడం నేను మళ్లీ చూడలేదు. పదకొండో రోజున పోయాడు.

తర్వాత జరిగింది చెప్పడానికి పెద్దగా లేదు. ఎవరికీ చెడు చేయాలని నేను అనుకోలేదు. కాక ఫోన్‌ను ఆయన కోడలు బీరువాలో పెట్టింది. నేను రెండుసార్లు రీఛార్జి చేశాను. నర్సవ్వ గ్యాస్ సంగతి కోడలు చూస్తుందనుకున్నాను. నేను చూస్తానని ఆమె అనుకుంది. ఇద్దరం ఒకరినొకరం అడగలేదు. తూప్రాన్ దసరా సెలవుల్లో పోదామనుకున్నాను, దసరాలో ట్రైనింగ్ పడింది. ఆ తర్వాత పరీక్షలు, ఆ తర్వాత ఇంకేదో సర్వే. ఈలోగా నా ఫోన్ నాకు చెప్పే ఉంటుంది, ఫలానా నంబర్ ప్లాన్ ముగుస్తోందని. ముగిసిందని కూడా చెప్పి ఉంటుంది. చెప్పుల దుకాణానికీ చీరల దుకాణానికీ మధ్యలో ఎక్కడో అది కూడా వచ్చి ఉంటుంది. ఏ రోజు దాన్ని బొటనవేలితో పక్కకు తోశానో నాకు గుర్తు కూడా లేదు.

మొన్న సోమవారం ఆ స్టేటస్ చూశాక ఆ నంబర్‌కు ఫోన్ చేశాను. ఆ అబ్బాయిది కౌడిపల్లి అట. మంచివాడే.

“అక్కా, ఎవలెవలో ఫోన్లు చేసి కాకా కాకా అంటున్నరు. నాకు పాతికేండ్లు గూడ లెవ్వు” అన్నాడు.

“తమ్మీ, గ్యాస్‌ది ఏమన్న మెసేజ్ వచ్చిందా నీకు? నంబర్ చెప్పమని?”

“గ్యాస్‌దా? లేదక్కా. సిమ్ తీసుకుని మూడు నెలలాయె. ఒక్కటి గూడ రాలే.”

మూడు నెలలుగా ఒక్కటీ రాలేదు, అంటే నర్సవ్వ ఇంటికి గ్యాస్ రాలేదు. అంతకు ముందు నంబరే లేదు. అంతకు ముందు ఫోన్ బీరువాలో ఉంది. చాయ్ గ్లాసు కింద పెట్టి నెలలు లెక్క వేసుకున్నాను. రోజూ ఆ ఇంటి ముందు నుంచే స్కూటీ మీద బడికి పోతాను. రోజూ రేకుల కింద నుంచి పొగ వస్తుంటుంది. నీళ్లు కాచుకుంటోంది కాబోలు అనుకునేదాన్ని.

నడిచి పోయాను. నర్సవ్వ ఇంటి పక్కన మూడు రాళ్ల పొయ్యి ముందు కూర్చుని పత్తికట్టె విరిచి లోపలికి తోస్తోంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. దగ్గు వస్తే కొంగు అడ్డం పెట్టుకుని దగ్గింది. తలుపు తీసే ఉంది. లోపల గ్యాస్ పొయ్యి మీద పాత చీర కప్పి ఉంది, సిలిండర్ మీద బీడీల చేట పెట్టుకుంది. నన్ను చూసి లేవబోయింది.

“గ్యాస్ ఎప్పుడైపోయింది నర్సవ్వా?” గట్టిగా అడిగాను.

“ఎన్నడో ఆయె. కాక పోయినంక పది పదిహేను దినాలకే.”

“మరి నాకెందుకు చెప్పలే? నాలుగిండ్ల అవతలనే గదా ఉన్నది నేను?”

“చెప్దామనే గడపల నిలవడ్తుంటి. నువ్వేమో ఆ ఫోన్ల తలకాయ వెట్టి పోతుంటివి. మస్తు పనిల ఉన్నది పాపం, పరేషాన్ జెయ్యొద్దనుకున్న.” పొయ్యిలో ఊదింది. “కాక జెప్పిండు గదా, టీచరమ్మ వస్తదని. ఎప్పటికైనా వస్తవు గదా అని కూసున్న.”

నాకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది, కానీ ఆమె ముందు ఏడ్చే హక్కు నాకు లేదనిపించింది. కాకతో తూప్రాన్ తీసుకుపోతానని సంతకం పెట్టి చెప్పిన మనిషిని నేను. ఒక రోజు పని. ఒకే ఒక్క రోజు.

“ఇయ్యాల పోదాం నర్సవ్వా తూప్రాన్. ఇప్పుడే. కాయిదాలు ఏడున్నయో వెతుకు, నేను ఆగుత.”

వెతకడానికి ఆమె ఎక్కడికీ పోలేదు. పొయ్యిలో కట్టె వెనక్కి లాగి, నీళ్లు చల్లి, గడపలోకి వంగి తలుపు వెనక చెయ్యి పెట్టింది. మేకుకు గుడ్డ సంచి ఒకటి తగిలించి ఉంది. దాని మీద దుమ్మూ పొగా పేరుకుని రంగు తెలియడం లేదు. లోపల ఆధార్ కార్డు, గ్యాస్ పుస్తకం, ఇస్త్రీ మడత చెదరని చీర ఒకటి, బస్సు టికెట్‌కని చిల్లర కట్టిన రుమాలు. కాక పోయిన రోజు నుంచీ అది అక్కడే ఉందట.

సంచి భుజానికి తగిలించుకుని, చెప్పులు వేసుకుని, నా మొహంలోకి చూసింది.

“నీకియ్యాల సెలవున్నదా బిడ్డా?” అంది.

“లేదు నర్సవ్వా,” అన్నాను. “పోదాం పా.”